క్రిస్మస్ పనులు, వాటితోపాటు కాస్త సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబర్ ఆఖరి వారం వచ్చిందంటే మా చర్చి సంఘంలో, మా అపార్ట్‌మెంట్‌లో, చుట్టాల ఫోన్లలో ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. ఇల్లు సర్దుకోవాలి, పిండి వంటలు చేయాలి, బట్టలు కొనాలి, పైగా ఈసారైనా ఎవరికైనా ఏదైనా చేద్దాం అనుకుంటాం, తీరా 23వ తేదీకి ఊపిరాడదు, చివరికి ఒక కేకు కొని ఎవరి చేతిలోనో పెట్టి అయిందనిపిస్తాం. అలా కాకుండా చేయడానికి దారులున్నాయి. అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను, జవాబులు మాత్రం నా అభిప్రాయాలతో కలిపే ఉంటాయి.

అసలు ఎప్పుడు మొదలుపెట్టాలి?

అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు సిద్ధపడే కాలం) మొదటి ఆదివారం నుంచి. అంటే నవంబర్ 30కి దగ్గర్లో పడే ఆదివారం. అక్కడి నుంచి క్రిస్మస్‌లోపు నాలుగు ఆదివారాలు ఉంటాయి కాబట్టి పనుల్ని వాటి మీదుగా సర్దుకోవచ్చు. మొదటి వారం బూజు దులపడం, అటక దించడం. అదే వారం, ఎవరికి సాయం చేయాలనుకుంటున్నారో వాళ్లకి ఫోన్ చేసి ఏం కావాలో కనుక్కోవడం. ఈ ఫోన్ ఒక్కటే ముఖ్యం, మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. రెండో వారం కొనుగోళ్లు, మూడో వారం పిండి వంటలు, నాలుగో వారం చర్చి కార్యక్రమాలకే సరిపోతుంది, ఇంక దేనికీ ఖాళీ దొరకదు. అందుకే అందించాల్సింది ఏదైనా మూడో వారంలోపే ఇల్లు దాటించేయండి.

ఇంటి ఖర్చులకే చాలట్లేదు, సాయానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

పండగ లిస్టు రాసేటప్పుడు సాయం ఎక్కడ రాస్తున్నారో ఒకసారి చూడండి. చాలా ఇళ్లలో అది అట్టడుగున ఉంటుంది, లేదా అసలు ఉండదు. బట్టలు, మటన్, కేకు, స్టారు, సున్నం, ఊరి ప్రయాణం అన్నీ అయ్యాక మిగిలితే ఇద్దాం అనుకుంటాం. పండగ ఖర్చులో ఎప్పుడైనా మిగిలిందా? దాన్ని లిస్టులో మొదటి వరసలో రాయండి. పండగకి ఇరవై వేలు అనుకుంటే ముందు రెండు వేలు పక్కన తీసి, మిగిలిన పద్దెనిమిదిలో పండగ చేయండి. నిజం చెప్పాలంటే ఆ తేడా మీ పిల్లలకి కూడా తెలియదు, ఒక జత బట్టలు తగ్గుతాయి, అంతే.

డబ్బు తీయలేని ఇంట్లో బియ్యం తీయొచ్చు. వంటకి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయడం మన తెలుగు సంఘాల్లో పాతకాలపు స్త్రీలకి బాగా తెలిసిన పద్ధతే. మిజోరంలో ఇదే పని 1910 నుంచి చర్చి స్త్రీలు ఒక క్రమంలో చేస్తున్నారు, ఆ బియ్యం అమ్మిన డబ్బుతో పెద్ద పెద్ద పనులు నడిచాయి. అడ్వెంట్ నుంచి మొదలుపెడితే క్రిస్మస్‌కి చిన్న కుటుంబంలో కూడా రెండు మూడు కిలోలు దాటుతుంది. ఇంట్లో ఎవరికీ బరువు అనిపించదు కూడా.

ఇంకో పద్ధతి, ఒక ఖాళీ అట్టపెట్టె హాల్లో పెట్టి డిసెంబర్ 1 నుంచి రోజుకొక వస్తువు వేయడం. సబ్బు, అరకిలో పంచదార, టూత్‌పేస్ట్, కందిపప్పు ప్యాకెట్, ఏదైనా. పిల్లలున్న ఇంట్లో ఇది బాగా నడుస్తుంది, ఎందుకంటే పెద్దవాళ్లు మర్చిపోయినా వాళ్లు గుర్తుచేస్తారు.

దశమభాగం (ఆదాయంలో పదో వంతు చర్చికి) ఇస్తూనే ఉన్నాం కదా, మళ్లీ ఇది వేరేనా?

నన్నడిగితే వేరే. దశమభాగం సంఘం నడవడానికి. ఇది మీ పండగ ఖర్చులో పక్కవాడి వాటా. కానీ పాస్టరు అయ్యగారితో ఈ విషయం మీద వాదన పెట్టుకోకండి, డిసెంబర్‌లో ఆయనకి వేరే పనులు చాలా ఉంటాయి.

ఎవరికి ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? మోసాలు ఎక్కువ కదా?

ముందు దగ్గర్లో చూడండి. మీ సంఘంలోనే భర్త పోయిన ఆవిడో, ఆ సంవత్సరం ఆపరేషన్ అయిన వాళ్లో, పిల్లాడి ఫీజు కట్టలేక తలదించుకుని తిరుగుతున్న తండ్రో తప్పకుండా ఉంటారు. వీళ్లకి రసీదు పుస్తకం ఉండదు కాబట్టి మన కంటికి ఆనరు. కొన్ని చర్చిల్లో క్రిస్మస్‌కి ముందు వైట్ గిఫ్ట్ ఆరాధన పెడతారు, అందరూ కానుకల్ని తెల్ల కాగితంలో చుట్టి తెస్తారు. ఎవరిది పెద్దదో ఎవరిది చిన్నదో తెలియకుండా ఉండడం కోసమే ఆ తెల్ల కాగితం. ఆ తర్వాత స్త్రీల సమాజం వాళ్లు అవసరం ఉన్న ఇళ్లకి చేరుస్తారు. మీ సంఘంలో ఇది ఉంటే అన్నిటికన్నా సులువైన దారి అదే.

సంస్థకి ఇవ్వాలంటే కొన్ని ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి. రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా, నీతి ఆయోగ్ నడిపే ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో పేరు కనిపిస్తుందా, పన్ను మినహాయింపు సర్టిఫికెట్ ఉందా, పోయిన సంవత్సరం లెక్కలు చూపిస్తారా. పిల్లల హోమ్ అయితే ఇంకా జాగ్రత్త, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అలాంటి ప్రతి హోమ్ రిజిస్టర్ అయ్యుండాలి. నిజాయితీగా నడిపేవాళ్లు ఈ ప్రశ్నలకి కోపం తెచ్చుకోరు, కాగితం తీసి చూపిస్తారు. "దేవుడి పనికి లెక్కలేంటమ్మా" అన్నారంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

వెబ్‌సైటు బాగుందా, ఫోటోలు కన్నీళ్లు తెప్పిస్తున్నాయా అనేది కొలత కాదు. ఒకసారి వెళ్లి చూడండి. వంటగది, బాత్రూములు, పిల్లలు పడుకునే చోటు. అరగంటలో చాలా తెలిసిపోతుంది.

25వ తేదీ కేకు తీసుకుని ఏదైనా హోమ్‌కి వెళ్దాం అనుకుంటున్నాం. బాగుంటుందా?

వెళ్లండి, కానీ ముందు ఈ సంగతి వినండి. క్రిస్మస్ రోజు ఊళ్లో అందరికీ అదే ఆలోచన వస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు కేకులు, బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకుని వస్తారు. వచ్చిన ప్రతివాళ్ల ముందూ పిల్లలు వరసగా నిలబడి పాట పాడాలి, చప్పట్లు కొట్టాలి, థ్యాంక్యూ చెప్పాలి. సాయంత్రానికి కేకు చూస్తేనే వికారం. మరి జనవరి 10న ఆ గేటు దగ్గర ఎవరూ ఉండరు. నూనె డబ్బా అడుగంటుతుంది, గ్యాస్ అయిపోతుంది, అప్పుడు వార్డెనమ్మ ఫోన్ చేస్తే "డిసెంబర్‌లో ఇచ్చాం కదండీ" అంటాం.

వృద్ధాశ్రమంలో అయితే ఇంకో చిక్కు. అక్కడ ఎక్కువ మందికి షుగర్ ఉంటుంది. పళ్లు ఊడినవాళ్లకి మనం ప్రేమగా తీసుకెళ్లిన జంతికలు ఎందుకు పనికొస్తాయి? పెద్దవాళ్లకి తిండికన్నా మనిషి కావాలి, అది కూడా సెల్ఫీ తీసుకుని పావుగంటలో వెళ్లిపోయే మనిషి కాదు. కూర్చుని, వాళ్ల కొడుకు గురించి పదోసారి చెప్పినా వినేవాళ్లు కావాలి.

నేనైతే ఇలా చెప్తాను. క్రిస్మస్‌కి పెట్టాలనుకున్న డబ్బులో సగం ఇప్పుడు ఇవ్వండి, సగం జనవరి నుంచి జూన్ దాకా నెలకి కొంచెం చొప్పున ఇవ్వండి. ముఖ్యంగా జూన్ గుర్తుపెట్టుకోండి, బళ్లు తెరుస్తారు, నోటు పుస్తకాలు, బూట్లు, బ్యాగులు అన్నీ ఒకేసారి మీద పడతాయి, అప్పుడు పండగ ఉండదు కాబట్టి దాతలూ ఉండరు.

సరే, ఏం కావాలో అడిగితే సాధారణంగా ఏం చెప్తారు?

మనం ఊహించనివి చెప్తారు. పిల్లల హోమ్‌లో లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, దోమతెరలు, దుప్పట్లు, బకెట్లు. వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లకి వేసే డైపర్లు, బీపీ మందులు, జారని చెప్పులు. వంట సరుకులు ఎక్కడైనా కావాలి, ముఖ్యంగా నూనె, కందిపప్పు, చింతపండు. బట్టలు కొనాలంటే సైజులు రాయించుకోండి. అందాజాగా కొన్న ఫ్రాకులు ఎవరికీ సరిపోక బీరువాలో ఉండిపోవడం చాలాచోట్ల చూశాను.

ఒక్కోసారి "కరెంటు బిల్లు కట్టండి చాలు" అంటారు. అది వినగానే మనకి ఉత్సాహం తగ్గుతుంది, ఎందుకంటే కరెంటు బిల్లుకి రిబ్బన్ కట్టి ఇవ్వలేం. అదే కట్టండి.

డిసెంబర్‌లో చలి సంగతి కూడా ఉంది. ఆదిలాబాద్ వైపు, లంబసింగి, అరకు వైపు ఎముకలు కొరికే చలి. పట్నాల్లో అయితే పెద్దాసుపత్రుల బయట రోగుల తాలూకు వాళ్లు చెట్ల కింద, ఫుట్‌పాత్‌ల మీద పడుకుంటారు. హైదరాబాద్ నీలోఫర్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, ఎక్కడైనా ఇదే. రగ్గులు పంచాలనుకుంటే రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లండి, అప్పుడు నిజంగా అక్కడ పడుకునేవాళ్లే ఉంటారు. కాస్త మందంగా ఉన్నవి కొనండి, అందరికంటే ఎక్కువ రగ్గులు పంచాం అని చెప్పుకోవడానికి పల్చటివి కొంటే వాళ్లకి చలి ఆగదు.

ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసుకుని పెట్టుకోవచ్చా?

పిల్లలవి వద్దు. ఇది మర్యాద మాట ఒక్కటే కాదు, చట్టం కూడా. సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా పేరు గానీ బడి గానీ ఫోటో గానీ బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. "మేం పాజిటివ్‌గానే పెట్టాం" అంటే కుదరదు. రేపు ఆ పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరాక, మీ స్టేటస్‌లో బిస్కెట్ ప్యాకెట్ అందుకుంటున్న తన మొహం కనబడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పెద్దవాళ్లని అయితే అడగండి. చేతిలో రగ్గు పెట్టి అడిగితే ఎవరూ వద్దనరు, కాబట్టి ఇవ్వకముందు అడగండి. మీ గ్రూపుకి లెక్క చూపించడానికే ఫోటో కావాలంటే సరుకుల్ని తీయండి, బిల్లుని తీయండి.

ఇల్లు సర్దుతుంటే పాత బట్టలు, సామాన్లు బోలెడు బయటపడ్డాయి. అవి ఇచ్చేయొచ్చా?

ఇవ్వొచ్చు, ఒక్క షరతు మీద: మీ సొంత చెల్లెలి పిల్లలకి ఇవ్వగలిగేలా ఉండాలి. గుండీలు ఊడినవి కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి. చిరిగినవి గుడ్డపీలికలుగా ఇంట్లో తుడుచుకోవడానికి ఉంచుకోండి. జిప్ పనిచేయని బ్యాగు, సగం గీసేసిన రంగుల పుస్తకం, చక్రం లేని కారు బొమ్మ, ఇవన్నీ ఎదుటివాడి ఇంట్లో చెత్త పోయడమే. గడువు దాటిన మందులైతే చెప్పనే అక్కర్లేదు.

బట్టలు ఎక్కువగా ఉంటే గూంజ్ లాంటి సంస్థలు తీసుకుంటాయి. అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన ఈ సంస్థ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. బట్టలు ఊరికే పంచరు. ఊళ్లో జనం కలిసి ఒక బావి పూడిక తీసుకుంటారు, దారి బాగుచేసుకుంటారు, ఆ పనికి ప్రతిఫలంగా బట్టలు, సరుకులు అందుతాయి. తీసుకునేవాడు తలెత్తుకుని తీసుకుంటాడు.

ఈ ఆలోచన మనకి కొత్తేం కాదు. మెదక్ చర్చి చూశారా? చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ 1914లో పని మొదలుపెట్టించాడు. ఆ రోజుల్లో కరువుతో అల్లాడుతున్న జనానికి ఊరికే గంజి పోసే బదులు కట్టడం పని చూపించి తిండి పెట్టాడని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్లు పట్టింది, 1924 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, ప్రతిష్ఠ జరిగింది. ప్రతి క్రిస్మస్‌కి అక్కడికి జనం కిటకిటలాడుతూ వెళ్తారు, అన్ని మతాల వాళ్లూ.

కాబట్టి మీ ఇంటి సున్నం పనికి, తోట శుభ్రం చేసే పనికి, కుట్టుపనికి ఈ నెల పని దొరకనివాళ్లని పిలిచి, బేరం ఆడకుండా మంచి కూలి ఇవ్వడం కూడా సాయం లెక్కలోకే వస్తుందంటాను.

మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఏం ఇవ్వాలి?

ముందు సెలవు ఇవ్వండి. 25న గిన్నెలు తోమడానికి రమ్మని, సాయంత్రం ఆవిడ చేతిలో నాలుగు అరిసెలు పెట్టి పండగ చేశాం అనుకోకండి. ఆవిడ కూడా చర్చికి వెళ్లే మనిషైతే మరీ ఘోరం. బోనస్ ఇవ్వాలనుకుంటే డిసెంబర్ 10లోపు ఇవ్వండి, అప్పుడే పిల్లలకి బట్టలు కొనుక్కోగలదు. 26న ఇస్తే అది అప్పు తీర్చడానికి పోతుంది. ఇంకోటి, అది బోనస్, దానం కాదు, దాన్ని తీసుకెళ్లి పైన చెప్పిన రెండు వేలలో కలపకండి.

పిండి వంటలు కాస్త ఎక్కువ చేసి పంచాలనుకుంటున్నాం. ఏవి మంచివి?

నిలవ ఉండేవి. అరిసెలు, గవ్వలు, చక్రాలు, కారప్పూస, గులాబీ పువ్వులు. అరిసెలైతే బియ్యం నానబెట్టడం, తడిపిండి ఆరిపోకుండా జల్లించడం, పాకం పట్టడం పెద్ద ప్రహసనం, పైగా పాకం ఒక్క నిమిషం ముదిరిందంటే రాళ్లే. కాబట్టి ఒక్కరే కూర్చుని చేయకండి. నలుగురు ఆడవాళ్లు, కుదిరితే ఇద్దరు మగవాళ్లని కూడా లాగి, ఒక ఇంట్లో పొయ్యి పెట్టుకుంటే ఒక పూటలో అయిపోతుంది. మగవాళ్లకి అరిసెల చెక్కల మధ్య నూనె నొక్కే పని ఇవ్వండి, బలం ఉపయోగపడుతుంది.

ఓపిక లేకపోతే కొనండి, తప్పేం లేదు. కానీ పెద్ద స్వీట్ షాపులో కాకుండా మీ దగ్గర్లోని డ్వాక్రా సంఘం ఆడవాళ్ల దగ్గర ఆర్డర్ ఇవ్వండి. వాళ్లకి కనీసం వారం ముందు చెప్పి, సగం డబ్బు అడ్వాన్స్ ఇవ్వండి. మీరు పంచే పొట్లం ఒకరి నోరు తీపి చేస్తుంది, దాని ఖరీదు ఇంకొకరికి ఆదాయం అవుతుంది.

డబ్బాల మీద ఏ రోజు చేశారో, వేరుశెనగ గానీ జీడిపప్పు గానీ వేశారో చిన్న కాగితం అంటించండి. పడనివాళ్లు ఉంటారు.

బిర్యానీ మిగిలితే?

వండిన తిండితో ఆటలొద్దు. పొద్దున పదకొండుకి వండిన బిర్యానీని సాయంత్రం ఐదుకి "పాడవలేదులే" అని పంచడం ప్రమాదం. వేడి తగ్గాక రెండు గంటలకి మించి బయట ఉంచింది ఎవరికీ పెట్టకండి. మిగులుతుందని ముందే అనిపిస్తే, వడ్డించకముందే కొంత వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టండి, విస్తర్ల దగ్గర తిరిగిన గిన్నెలోది కాకుండా ఇది ఇవ్వండి. రాబిన్ హుడ్ ఆర్మీ అని 2014లో మొదలైన వాలంటీర్ల బృందం ఉంది, హైదరాబాద్‌లో కూడా పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, మిగిలిన మంచి తిండిని తీసుకెళ్లి పంచుతారు. అయితే క్రిస్మస్ రోజు అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు కాబట్టి ఒక రోజు ముందే మాట్లాడుకోండి.

అసలు మార్గం తక్కువ వండుకోవడం. అది మన ఇళ్లలో జరగదని తెలుసు.

స్టారు, ట్రీ, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ. వీటికి ఖర్చు తగ్గించి ఆ డబ్బు సాయానికి మళ్లించొచ్చా?

మళ్లించొచ్చు, కానీ ఇల్లు బోసిపోయేలా చేయకండి. పిల్లలకి ఆ స్టారే క్రిస్మస్.

కాగితం స్టారు పోయిన ఏడాదిది జాగ్రత్తగా మడిచి పెట్టుంటే ఈసారీ పనికొస్తుంది. బల్బు మాత్రం ఎల్‌ఈడీ వేయండి, పాత బల్బుల వేడికి కాగితం మాడుతుంది. వైరు అతుకులకి టేపు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, డాబా మీద మంచు పడి తడుస్తుంది. ట్రీ కోసం కోస్తా ఊళ్లలో ఒకప్పుడు సరుగుడు కొమ్మే తెచ్చి నాటేవాళ్లు, దూదితో మంచు చేసేవాళ్లు, ఇప్పటికీ అంతకన్నా అందమైన ట్రీ నాకు కనిపించలేదు. కుండీలో బతికే మొక్క కావాలంటే కడియం నర్సరీల్లో అరకేరియా మొక్కలు దొరుకుతాయి, ఏటా అదే లోపలికి తెచ్చుకోవచ్చు. పశువుల పాకకి వరిగడ్డి, కర్రపుల్లలు, మట్టి చాలు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ అసిసి అనే సన్యాసి మొదటిసారి ఆ దృశ్యం ఏర్పాటు చేసినప్పుడు కూడా గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద, అంతే.

కొనాల్సి వస్తే ఎవరి దగ్గర కొంటున్నామో చూడండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రని చెక్కి, లక్కతో, సహజ రంగులతో చేసే చిన్న బొమ్మలు ట్రీకి వేలాడదీస్తే ప్లాస్టిక్ బంతుల కన్నా ఎంతో బాగుంటాయి, చంటిపిల్లలున్న ఇంట్లో రంగుల భయం కూడా తక్కువ. నరసాపురం లేసు అల్లిక టేబుల్ మీద పరవడానికి బాగుంటుంది. ఆ పని 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి జిల్లాల ఆడవాళ్లకి వచ్చింది, ఇప్పటికీ ఇంట్లో కూర్చుని అల్లేవాళ్లు ఉన్నారు. అల్లే మనిషి చేతికి వచ్చేది తక్కువ, మధ్యవాళ్లకి పోయేది ఎక్కువ, అందుకే వీలైతే ఆడవాళ్ల సంఘాల నుంచి నేరుగా కొనండి.

మా సంఘం యూత్ క్యారల్స్‌కి (ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడడానికి) వెళ్తుంది. వచ్చిన కానుక డబ్బు ఏం చేయాలి?

ఏం చేయబోతున్నారో మొదటి ఇంటికి వెళ్లకముందే తేల్చుకోండి. "ఈసారి వచ్చింది ఫలానా హోమ్‌లో పిల్లల దుప్పట్లకి" అని పాట మొదలుపెట్టకముందు ఒక్క మాట చెప్తే వంద ఇచ్చేవాళ్లు రెండొందలు ఇస్తారు. డబ్బాకి తాళం, ఇద్దరి చేతిలో లెక్క, తర్వాతి ఆదివారం నోటీసు బోర్డు మీద మొత్తం ఎంత, ఎంత ఖర్చయింది, బిల్లులు. ఇలా చేసిన సంఘంలో మరుసటి ఏడాది ఎవరూ గొణగరు. యూత్ టిఫిన్లకి, డ్రమ్ము బాడుగకి ఎంత తీసుకుంటున్నారో అదీ రాయండి, దాచాల్సిన పనేం లేదు.

ఇళ్లవాళ్లకో మాట. "పది నిమిషాల్లో వస్తున్నాం ఆంటీ" అన్నారంటే రాత్రి ఒంటిగంట దాటుతుంది. టీ ఫ్లాస్కులో పోసి పెట్టుకుని పడుకోండి.

పిల్లల్ని ఇందులో ఎలా కలపాలి?

ఉపన్యాసం ఇవ్వకుండా. "వాళ్లకి తిండి లేదు, నువ్వేమో అన్నం పారేస్తున్నావు" అని తిడితే సాయం అంటేనే వాళ్లకి చిరాకు పుడుతుంది. వాళ్ల వయసు పిల్లకి పెన్సిల్ బాక్స్ కొనాలి, నువ్వే ఎంచు అని కొట్టుకి తీసుకెళ్లండి. తమకి నచ్చినదే ఎంచుతారు, అదే కావాల్సింది. బొమ్మల్లోంచి ఒకటి ఇవ్వమంటే ఏది ఇవ్వాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి, మీరు లాక్కుని ఇస్తే అది మీ దానం, వాళ్లకి నష్టం.

పన్ను మినహాయింపు వస్తుందా?

అందరూ 80జి అని పిలిచేది ఇదే. ఆ అనుమతి ఉన్న సంస్థకి ఇస్తే, చాలావరకు ఇచ్చినదాంట్లో 50 శాతం మీద మినహాయింపు దొరుకుతుంది, దానికీ ఆదాయాన్ని బట్టి పరిమితి ఉంది. రెండు వేలు దాటిన నగదుకి రాదు, అందుకే యూపీఐ లేదా చెక్కు. బియ్యం, బట్టలు, రగ్గులు లాంటి వస్తువులకి రాదు. మీ పాన్ నంబర్ ఇవ్వాలి, సంవత్సరం అయ్యాక సంస్థ నుంచి ఫారం 10బీఈ లాంటి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇంకోటి, మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ మినహాయింపే లేదు. ఆఫీసులో చాలామంది కొత్త విధానంలోకి మారి, రసీదులు మాత్రం ఇంకా ఫైల్లో దాస్తూ ఉంటారు.

వాట్సాప్‌లో "పసిబిడ్డకి ఆపరేషన్, క్రిస్మస్ సందర్భంగా సాయం చేయండి" అని క్యూఆర్ కోడ్ వచ్చింది...

ఫార్వర్డ్ చేయకముందు ఆగండి. ఏ ఆసుపత్రి, ఏ వార్డు, ఎప్పటి ఫోటో? ఆసుపత్రికి ఫోన్ చేసి బిల్లింగ్‌లో అడిగితే అలాంటి పేషెంట్ ఉన్నారో లేదో చాలాసార్లు తెలిసిపోతుంది. నిజమైతే డబ్బు ఆసుపత్రి ఖాతాకే కట్టండి. స్కాన్ చేసినప్పుడు స్క్రీన్ మీద వచ్చే పేరు, మెసేజ్‌లో ఉన్న పేరు ఒకటేనా చూడండి. ఎప్పుడో కోలుకున్న బిడ్డ ఫోటో కింద ఎవడో తన క్యూఆర్ పెట్టుకుని తిప్పుతుంటాడు.

మేం అమెరికాలో ఉంటాం. మా ఊళ్లోని హోమ్‌కి డబ్బు పంపొచ్చా?

మీ పాస్‌పోర్టు ఏది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. అలాంటప్పుడు ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాలి, డబ్బు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో ఆ సంస్థ తెరిచిన ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోకే వెళ్లాలి. "మా బావమరిది అకౌంట్లో వేయండి, నేను చూసుకుంటా" అనేవాళ్ల మాట వినకండి, చివరికి ఇరుక్కునేది ఆ హోమ్ నడిపేవాళ్లే.

మీరుండే ఊళ్లో కూడా చేయొచ్చు. ఫుడ్ బ్యాంకులకి కందిపప్పు, బియ్యం పనికొస్తాయి. షాపుల ముందు గంట కొడుతూ నిలబడే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ వాళ్ల ఎర్ర కెటిల్ (విరాళాలు వేసే గిన్నె) 1891లో శాన్ ఫ్రాన్సిస్కోలో పేదలకి క్రిస్మస్ భోజనం పెట్టడానికి మొదలైంది, అక్కడ గంట కొట్టడానికి వాలంటీర్లు ఎప్పుడూ తక్కువే.

మేం క్రైస్తవులం కాదు. ఇందులో కలవొచ్చా? అలాగే, మా సాయాన్ని మత ప్రచారం అంటారేమో?

మొదటిదానికి, హాయిగా కలవండి. మన ఊళ్లలో సంక్రాంతి అరిసెలు ఇటు వస్తాయి, క్రిస్మస్ కేకు అటు వెళ్తుంది, రంజాన్ సేమియా అందరికీ అందుతుంది.

రెండోదానికి నా జవాబు కాస్త ఖచ్చితంగా ఉంటుంది. బియ్యం సంచిలో కరపత్రం పెట్టకండి. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టి, తినేలోపు ప్రసంగం వినిపించకండి. ప్రార్థన చేయమని వాళ్లు అడిగితే చేయండి. ఇచ్చే ఇల్లు ఏ మతానిది, ఏ కులానిది అని లిస్టులో వరస పెట్టకండి. ఇలా ఉంటే ఎవరో ఏదో అంటారన్న టెన్షన్ అక్కర్లేదు.

ఈసారి నిజంగా చేతిలో డబ్బు లేదు.

రక్తం ఇవ్వండి. పండగలు, సెలవుల్లో కాలేజీలు మూసేస్తారు, శిబిరాలు తగ్గుతాయి, తలసేమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకి మాత్రం రక్తం ఎక్కించడం ఆగదు. వయసు 18 నుంచి 65 మధ్య, బరువు కనీసం 45 కిలోలు, ఆరోగ్యం బాగుండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిలవ ఉంటాయి కాబట్టి అందరూ ఒకే రోజు కాకుండా క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య విడివిడిగా వెళ్తే ఇంకా మంచిది. పొద్దున టిఫిన్ తిని వెళ్లండి, ఖాళీ కడుపుతో వెళ్లి కళ్లు తిరిగి పడకండి.

ఇవాళ డిసెంబర్ 24. ఇవేవీ చేయలేదు. ఇప్పుడేం చేయాలి?

ఇవాళ ఇంకేం మొదలుపెట్టకండి. ఇల్లు తుడుచుకోండి, అర్ధరాత్రి ఆరాధనకి వెళ్లండి, రేపు పండగ చేసుకోండి. కేకు పట్టుకుని ఎక్కడికీ పరుగెత్తొద్దు. జనవరి 5న, పండగ జనం అంతా వెళ్లిపోయాక, ఆ హోమ్‌కి ఫోన్ చేసి ఏం అయిపోయిందో అడగండి.

రోడ్డు మీద ఒంటరిగా పిల్లాడు కనిపిస్తే?

డబ్బు చేతిలో పెట్టి వచ్చేయకండి, 1098కి ఫోన్ చేయండి. రాత్రైనా పగలైనా పలుకుతారు, ఫోన్ ఉచితం.